అడగబోయే మాటలు

మాట్లాడే పెట్టెకి పని నేర్పుతున్నంతసేపూ మా ఇంట్లో మాట వినిపించదు. ఈ సంగతి నాకై నాకు తట్టలేదు, మా ఆయన అంటే తట్టింది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అలమరలో ఎకో పెట్టె ఉంది. పిల్లాడు లేస్తాడని దాని మైకు ఆపేశాను, ఎర్రలైటు వెలుగుతోంది. మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి వచ్చిన ఆయన నా వెనక కాసేపు నిలబడి చూసి, "అలెక్సాని మాట్లాడించే పని అన్నావు. నువ్వూ మాట్లాడవు, అదీ మాట్లాడదు. ఏం పని ఇది?" అనేసి వెళ్ళిపోయాడు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట మర్నాడంతా బుర్రలో నలుగుతూనే ఉంది. గొంతుతో వాడేదాన్ని వేళ్ళతో తయారుచేయడంలో పెద్ద వింతేమీ లేదు. మరి నన్ను పట్టుకున్నదేమిటి? ఆ నిశ్శబ్దంలో నేను ఎవరి మాటలు టైపు చేస్తున్నాను అన్నది అనుకుంటాను.

నేను వాడే పనిముట్టు పేరు ఆస్క్ సీఎల్ఐ. అలెక్సాకి కొత్త విద్యలు నేర్పడానికి అమెజాన్ 2015లో బయటివాళ్ళకి తలుపు తీసింది. ఆ విద్యల్ని స్కిల్స్ అంటారు. వాటిని బ్రౌజరులో బటన్లు నొక్కుతూ కట్టుకోవచ్చు, లేదా ఇలా నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చేస్తూ కట్టుకోవచ్చు. నాకు నల్లతెరే అలవాటు. ఆస్క్ న్యూ అని కొట్టగానే వరసగా ప్రశ్నలు వేస్తుంది: ఏ భాషలో కోడు రాస్తావు, నోడ్ జేఎస్సా, పైథానా? దాన్ని ఎక్కడ ఉంచుతావు, మా దగ్గరా, నీ దగ్గరా? పేరేమిటి? జవాబులు చెప్పాక ఒక ఫోల్డరు తయారై కూర్చుంటుంది. అందులో స్కిల్ వివరాలు ఒకచోట, జనం ఏమని అడుగుతారో ఒకచోట, అడిగితే ఏం చేయాలో ఒకచోట ఉంటాయి. అంతా అయ్యాక ఆస్క్ డిప్లాయ్ కొడితే ఆ సరంజామా పైకి చేరుతుంది. ఇక పరీక్షించుకోవడానికి ఆస్క్ డైలాగ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆజ్ఞ ఇదే. తెర మీద యూజర్ అని ఒక మాట, పక్కన బాణం గుర్తు, మెరిసే కర్సరు. అక్కడ మనిషి నోటితో అనాల్సిన మాటని నేను టైపు చేస్తాను. ఒక్క క్షణం ఆగి కింద వరసలో అలెక్సా అని పడి, అది నోటితో చెప్పాల్సిన జవాబు అక్షరాల్లో వస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక ఒకే మనిషి రెండు బొమ్మలకీ గొంతిచ్చినట్టు, అడిగేదీ నేనే, జవాబు రాసిపెట్టిందీ నేనే. మధ్యలో డాట్ రికార్డ్ అని ఒక ఫైలు పేరిస్తే అప్పటిదాకా అడిగినవన్నీ అందులో దాచుకుంటుంది, రేపు మళ్ళీ అవే మాటలు దానితోనే వరసగా అడిగించుకోవచ్చు. చాలు బాబూ అనుకుంటే డాట్ క్విట్.

నల్లతెర స్వభావం దానితో బతికేవాళ్ళకి తెలుసు. ఒక చుక్క ఎక్కువైనా ఒప్పుకోదు, ఒక ఖాళీ తక్కువైనా ఒప్పుకోదు. యూనిక్స్ పుట్టిన రోజుల నుంచీ వస్తున్న మర్యాద ఒకటుంది: పని సవ్యంగా అయిపోతే ఏమీ అనదు, నోరు తెరిచిందంటే ఏదో తేడా జరిగినట్టే. టెలిటైపు మీద ఒక్కో అక్షరం కాగితం మీద టకటకమని పడుతున్న కాలంలో ఏర్పడిన పొదుపు అది. అందుకే కాపీకి సీపీ, జాబితాకి ఎల్ఎస్. ఇంత మొండిదాని దగ్గర నాకు ఎందుకు హాయిగా ఉంటుంది? అది నా మనసులో ఏముందో ఊహించే ప్రయత్నం చేయదు. నేను చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు. స్పష్టంగా చెప్పాల్సిన భారమంతా నాదే. గొంతుతో నడిచే యంత్రం దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అడిగేవాళ్ళు ఎలాగైనా అడగొచ్చు, సగం మింగేయొచ్చు, మధ్యలో దగ్గొచ్చు. అర్థం చేసుకోవాల్సిన బాధ్యత అవతలి వైపుది. భారం మాయమైందని మనం మురిసిపోతాం గానీ, అది ఎవరో ఒకరి ఒళ్ళోకి చేరింది. ఆ రాత్రి నా ఒళ్ళోకి.

ఆ రాత్రి నేను కడుతున్న స్కిల్ అమ్మ కోసం. అమ్మకి కావలసింది వర్జ్యం చెప్పే పెట్టె. "రాహుకాలం మద్రాసు వైపు వాళ్ళు ఎక్కువ చూస్తారే, మనకి వర్జ్యం ముఖ్యం" అంది. వర్జ్యానికి ఆ రోజు నక్షత్రం ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్తుందో తెలియాలి, అది పెద్ద లెక్క. ముందు రాహుకాలంతో సరిపెట్టుకోమన్నాను. దానికి చిన్న పట్టిక చాలు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తే, సోమవారం రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, బుధవారం అయిదోది, గురువారం ఆరోది, మంగళవారం ఏడోది, ఆదివారం ఎనిమిదోది రాహువుది. పొద్దున ఆరింటికి తెల్లారి సాయంత్రం ఆరింటికి పొద్దుగూకుతుందని అనుకుంటే సోమవారం 7:30 నుంచి 9 దాకా, మంగళవారం 3 నుంచి 4:30 దాకా. గోడ మీది క్యాలెండర్లలో అచ్చయ్యేవి ఎక్కువగా ఈ అంకెలే. ప్రోగ్రాముకి ఇది పిల్లల లెక్క. ఒక్క చిక్కు మాత్రం ఉంది: కోడు నడిచేది లాంబ్డా అనే అమెజాన్ సర్వీసులో, దాని గడియారం యూటీసీలో ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మంగళవారం తెల్లవారుజామున 5 గంటలకి అడిగితే దానికి ఇంకా సోమవారం రాత్రి 11:30. వారమే మారిపోతే రాహువు ఎక్కడ దొరుకుతాడు? ఆ సర్దుబాటు చేసేస్తే లెక్క అయిపోయినట్టే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. అడిగేవాళ్ళ ఉద్దేశాన్ని ఈ వ్యవహారంలో ఇంటెంట్ అంటారు. ఒక్కో ఉద్దేశానికీ జనం దాన్ని ఏయే మాటల్లో అడగొచ్చో నమూనా వాక్యాలు రాసిపెట్టాలి. ఇవాళ రాహుకాలం ఎప్పుడు. రాహుకాలం ఎన్నింటికి మొదలు. ఎన్నింటికి అయిపోతుంది. రేపటిది చెప్పు. ఇవి చకచకా వచ్చేశాయి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని అమ్మ ఎలా అడుగుతుందా అని ఆలోచించాను. అమ్మ ఎప్పుడైనా "ఇవాళ రాహుకాలం ఎప్పుడు" అని అడిగిందా? నాకు గుర్తున్నంతలో లేదు. "ఇప్పుడు బయల్దేరొచ్చా?" అంటుంది. "తొమ్మిది దాటిందా?" అంటుంది. "ఇంకా ఎంతసేపుందే?" అంటుంది. "పోనీ పదింటికి వెళ్తేనో?" అంటుంది. ఒక్కదాంట్లోనూ రాహువు లేడు. అడగాలనుకున్న అసలు మాటని చుట్టూ తిరిగి వదిలేస్తుంది, విన్నవాళ్ళు పూరించుకుంటారని ధీమా. నాకూ ఆ అలవాటుందా? ఉండే ఉంటుంది. పూరించుకునేవాళ్ళు పక్కన ఉన్నన్నాళ్ళూ మనకది తెలియదు.

అక్కడి నుంచి ఆలోచన నాన్న దగ్గరికి పోయింది. నాన్న వాక్యం పూర్తిచేయడం నేను చాలా తక్కువ సార్లు విన్నాను. వీధి గదిలో పడక్కుర్చీలో పేపరు చదువుతూ "ఏమేవ్" అనేవారు. లోపలి నుంచి అమ్మ రెండో కాఫీ తెచ్చేది. మరో పూట అదే "ఏమేవ్"కి కళ్ళజోడు వచ్చేది, ఇంకో పూట ఫ్యాను తగ్గేది. "అది ఎక్కడుంది?" అంటే బీరువా తాళంచెవి అనీ, "అదేమైంది?" అంటే కరెంటు బిల్లు అనీ అమ్మకి ఎలా తెలిసేది? మాట ఒకటే, అందులో పది అర్థాలు, ఆ పదింట్లో సరైనది ఎంచడానికి వేళ, ఎండ, నాన్న గొంతులోని చిరాకు పాలు, నిన్న రాత్రి జరిగిన మాటలు, ఇవన్నీ అమ్మ లెక్కలోకి తీసుకునేది. ఎప్పుడైనా తప్పితే "చెప్పింది అర్థం కాదా?" అన్న విసుగు వినిపించేది, చెప్పిందేమీ లేకపోయినా. దాన్ని మేము పని అనుకోలేదు, అన్యోన్యత అనుకున్నాం. అన్యోన్యత లేదని ఇప్పుడు అనడం లేదు. కానీ ఒక ఉద్దేశానికి ఇరవై వాక్యాలు ఊహించి రాసేసరికి నాకు నడుం పట్టేసింది, అమ్మ జీతం లేకుండా ఇది నలభై ఏళ్ళు చేసింది. ఇంకొకటి కూడా గమనించాను. అలెక్సా ఒక ప్రశ్న వేసి మన జవాబు కోసం మైకు తెరిచి ఉంచేది ఎనిమిది సెకన్లే. నాన్న "అదే..." అని మొదలుపెట్టి తర్వాతి మాటకి వచ్చేలోపు అది ఒకసారి మళ్ళీ అడిగి, విసిగి, సెలవు తీసుకుంటుంది.

ఆ యంత్రానికి ఇంకో నియమం ఉంది, అది నాకు భలే నచ్చింది. పేరు పెట్టి పిలవందే పలకదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ చదివినవాళ్ళు ఆ ఇల్లాలిని మరిచిపోలేరు. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది, ఇంట్లో ఎవర్ని అడిగినా చెప్పలేరు, చివరికి చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తే గాని పేరు దొరకదు. మా అమ్మ పేరు మా ఇంట్లో రేషను కార్డు మీదా, పెళ్ళి పత్రికల కవర్ల మీదా తప్ప వినిపించిన గుర్తు లేదు. "ఏమేవ్"కి పలికింది, "ఒసే"కి పలికింది, "అమ్మా"కి పలికింది, దగ్గుకి కూడా పలికింది. ఈ ప్లాస్టిక్ డబ్బా మాత్రం తన పేరు సరిగ్గా వినబడితే గాని దీపం వెలిగించదు. ఈ గొంతుల్ని ఆడవాళ్ళ గొంతులుగా పెట్టి, తిట్టినా అణకువగా జవాబిచ్చేలా రాయడం మీద 2019లో యునెస్కో ఒక నివేదికే వేసింది. 2021లో అలెక్సాకి అమెరికా ఇంగ్లీషులో మగ గొంతు కూడా వచ్చింది. గొంతు సంగతి సరే. పిలుపు విషయంలో ఆ యంత్రానికి దొరికిన మర్యాద నాకు కాస్త ఈర్ష్య కలిగించిందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అన్ని యంత్రాలూ ఊహించే భారం మోశాయా అంటే అదీ లేదు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాము గురించి ప్రకటించాడు. టైపు చేసిన మాటల్లో కొన్ని ఆనవాళ్ళు పట్టుకుని, వాటినే కాస్త తిప్పి ప్రశ్నగా అవతలికి తోసేయడం దాని పద్ధతి. "మా అమ్మతో పడటం లేదు" అంటే "మీ ఇంట్లోవాళ్ళ గురించి ఇంకా చెప్పండి" అంటుందన్నమాట. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే ఒకరోజు దానితో నాలుగు మాటలు టైపు చేసి, మీరు కాస్త గది బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. 1976లో రాసిన పుస్తకంలో ఆయన ఈ సంగతి చెప్పి కలవరపడతాడు. జనం దీన్ని యంత్రం చేసిన మోసంగా చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. ఎలైజా ఏమీ ఊహించలేదు, ఆ పని ఆవిడే చేసింది. అవతలి మాటలో లేని అర్థాన్ని తనే నింపుకుంది. విన్నట్టు నటించేవాళ్ళ ఎదుట కూడా మనం సగం పని మనమే చేసేసుకుని, ఎంత బాగా అర్థం చేసుకున్నారో అని పొంగిపోతాం. ఇలాంటి బంధువులు అందరికీ ఒకరిద్దరైనా ఉంటారు.

ఇంతా చేసి నేను రాసిన నమూనా వాక్యాలు తెలుగులో లేవు. స్కిల్ ఏ భాషకో ముందే ఎంచుకోవాలి. ఇండియా ఇంగ్లీషు ఉంది, హిందీ 2019లో వచ్చింది. నేను చూసిన జాబితాలో జపనీసు ఉంది, తెలుగు లేదు. అమెరికా బయట అమెజాన్ సొంతంగా కట్టుకున్న మొదటి క్యాంపస్ 2019లో మన నానక్‌రామ్‌గూడలోనే తెరిచారు, దాని క్యాంటీనులో రోజూ ఎన్ని వేల తెలుగు వాక్యాలు దొర్లుతాయో. సంస్థల లెక్కలు సంస్థలకి ఉంటాయి, దాని మీద ఉపన్యాసం ఎందుకు గానీ, పని జరగాలి కదా. రోమన్ అక్షరాల్లో తెలుగు రాసి ఇంగ్లీషు నమూనాల మధ్య ఇరికించే చిట్కా ఒకటుంది. అక్షరాలు ఒప్పుకుంటుంది. వినే చెవి మాత్రం ఇంగ్లీషుది. "బయల్దేరొచ్చా" అన్నది దాని చెవిలో పడేసరికి తనకి తెలిసిన ఇంగ్లీషు మాటల్లో దేనికో దగ్గరగా జరిగిపోతుంది. ఆస్క్ డైలాగులో మాత్రం అక్షరం పొల్లుపోకుండా సరైన జవాబు వస్తుంది, అక్కడ చెవితో పనిలేదు కాబట్టి. తెర మీద అంతా సుఖమే. అందుకని అమ్మ మాటల్ని ఇంగ్లీషులో పెట్టడం మొదలుపెట్టాను. కెన్ ఐ స్టార్ట్ నౌ. హౌ మచ్ లాంగర్. అర్థం అంతా ఉంది. ఆ చివరి "ఎంతసేపుందే"లోని 'ఏ'లో ఉన్న చనువుకి, చిన్న విసుగుకి ఏ గడీ లేదు. జవాబుని మార్చేది కాదు కదా, పోనీలే అనుకుని ముందుకెళ్ళాను. అది నిజంగా జవాబుని మార్చదా? అమ్మ విసుక్కుంటుంటే నేను రాహుకాలం ఎప్పుడో చెప్పను, "బయల్దేరమ్మా, ఏం కాదు" అంటాను.

ఇలా కూర్చిపెట్టిన వాక్యాల ఆయుష్షు కూడా గొప్పదేమీ కాదు. గూగుల్ అసిస్టెంటుకీ బయటివాళ్ళు ఇలాగే సంభాషణలు రాసేవాళ్ళు, జీయాక్షన్స్ అని దానికీ ఒక నల్లతెర పనిముట్టు ఉండేది. 2023 జూన్ 13న ఆ సంభాషణలన్నిటినీ ఆపేశారు. మనుషులు ఏమని అడుగుతారా అని ఎవరెవరో రాత్రుళ్ళు కూర్చుని ఊహించిన మాటలు ఒక తేదీతో చెల్లకుండా పోయాయి. ఇప్పుడైతే అసలు నమూనా వాక్యాలే ఎందుకు, పెద్ద భాషా నమూనాలు ఎలా అడిగినా గ్రహిస్తాయి అంటున్నారు. 2025లో అమెజాన్ ప్రకటించిన అలెక్సా ప్లస్ ఆ దారిదే. మంచిదే, నా నడుం బతుకుతుంది. కానీ ఆ గ్రహింపు కూడా ఎక్కడి నుంచో వచ్చిందే కదా, జనం రాసిపెట్టిన కొండంత రాతలోంచి. అమ్మ ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. చాకలి పద్దు, పాల లెక్క, అప్పుడప్పుడూ నాకు హాస్టలుకి రాసిన కార్డు ముక్కలు, అంతే. ఆ "పోనీ పదింటికి వెళ్తేనో" ఏ కొండలోనూ లేదు. నమూనా వాక్యాలు దాచిన నా జేసన్ ఫైల్లో ఉంది, అదీ ఇంగ్లీషు వేషంలో.

స్కిల్‌ని ఇప్పటికి ఎక్కువగా వాడుతున్నది డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు. వాడికోసం సూర్యోదయాన్ని ఊరిని బట్టి లెక్కకట్టాల్సి వచ్చింది. అక్కడ జూన్‌లో పగలు పద్నాలుగు గంటలు దాటుతుంది, ఎనిమిదో వంతు అంటే దాదాపు గంటా నలభై ఏడు నిమిషాలు. రాహువుకి అమెరికాలో ఓవర్‌టైమ్ అన్నాడు వాడు. మొన్నామధ్య వాడి కూతురికి డ్రైవింగ్ పరీక్ష పడింది. బయల్దేరాల్సిన వేళకి సరిగ్గా రాహుకాలం. అలెక్సా నేను రాసినట్టే ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకానో వివరంగా చెప్పింది. వాడు అది విని అమ్మకి ఫోన్ చేశాడు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందే దాని సంచి పక్కింట్లో పెట్టి రారా, ప్రస్థానం పెట్టినట్టవుతుంది. తర్వాత ఎప్పుడు వెళ్తే ఏం?" అంది. "పక్కింటివాళ్ళు అమెరికావాళ్ళమ్మా, సంచి ఎందుకంటారు" అన్నాడు వాడు. "అయితే కార్లో పెట్టు" అంది.

ఆ జవాబు ఇప్పుడు నా స్కిల్‌లో చేర్చాలి. "ఇప్పుడు బయల్దేరొచ్చా" అన్న ప్రశ్నకి ఔను, కాదు అని రెండే దారులు పెట్టి ఉన్నాను, మూడోది తెరవడం కష్టమేమీ కాదు. కష్టం జవాబు రాయడంలో ఉంది. గొంతు యంత్రాలకి జవాబులు రాసేవాళ్ళకి అమెజాన్ చెప్పే సలహా ఒకటుంది: రాసిన జవాబుని మామూలు వేగంతో పైకి చదివితే ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ప్రస్థానం అంటే ఏమిటో, సంచి ఎప్పుడు బయట పెట్టాలో, పెట్టాక రాహుకాలంలో బయల్దేరినా ఎందుకు పర్లేదో ఇంగ్లీషులో ఒక వాక్యంగా రాసి పైకి చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. సంచి ఎందుకో వివరించే ముక్క తీసేసి, కార్లో పెట్టమన్నంత వరకే ఉంచి మళ్ళీ చదివాను.